గడియారంలో టైమ్ ఒకటి, పతకం తెచ్చే టైమ్ ఇంకొకటి

చైనాకి 18 స్వర్ణాలు, మొత్తం 61 పతకాలు. 2022 మార్చి 4 నుంచి 13 దాకా బీజింగ్‌లో జరిగిన శీతాకాల పారాలింపిక్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చే లెక్క ఇదే. దీని పక్కన ఇంకో లెక్క కూడా పెట్టి చూడాలి. 2002లో సాల్ట్ లేక్ సిటీలో మొదటిసారి దిగిన చైనాకి, 2018 ప్యాంగ్‌చాంగ్ దాకా ఐదు సార్లు ఆడినా వచ్చింది ఒకే ఒక్క పతకం. వీల్‌చైర్ కర్లింగ్‌లో (మంచు మీద రాళ్ళు జార్చి గురి చూసే ఆట) స్వర్ణం. ఒకటి నుంచి 61కి ఎలా ఎగబాకిందో పట్టిక చూస్తే తెలియదు. రిజల్ట్ షీట్లు తెరవాలి. అవి తెరిస్తే మాత్రం మామూలు పాఠకుడికి కళ్ళు తిరుగుతాయి. మొదట వచ్చినవాడి టైమ్ కంటే ఐదో స్థానంలో ఉన్నవాడి టైమ్ తక్కువగా కనిపిస్తుంది. ప్రింటింగ్ తప్పేమో అనుకుంటారు. తప్పేమీ లేదు, ఆ షీటు చదివే పద్ధతి వేరు.

ముందు పట్టిక సంగతి. వరుసలో స్వర్ణం, రజతం, కాంస్యం, చివర మొత్తం.

చైనా 18, 20, 23 (61)
ఉక్రెయిన్ 11, 10, 8 (29)
కెనడా 8, 6, 11 (25)
ఫ్రాన్స్ 7, 3, 2 (12)
అమెరికా 6, 11, 3 (20)
ఆస్ట్రియా 5, 5, 3 (13)
జర్మనీ 4, 8, 7 (19)
నార్వే 4, 2, 1 (7)
జపాన్ 4, 1, 2 (7)
స్లొవేకియా 3, 0, 3 (6)

ఆ తర్వాత ఇటలీ, స్వీడన్, ఫిన్లండ్‌లకి రెండేసి స్వర్ణాలు, బ్రిటన్, న్యూజిలాండ్‌లకి ఒక్కొక్కటి. నెదర్లాండ్స్‌కి స్వర్ణం లేకుండా నాలుగు పతకాలు. ఆస్ట్రేలియా, కజకిస్తాన్, స్విట్జర్లాండ్‌లకి ఒక్కో కాంస్యం. పతకం ముట్టిన దేశాలు మొత్తం 19.

ఈ వరుస స్వర్ణాలను బట్టి పేర్చింది. మొత్తం పతకాలను బట్టి పేరిస్తే నాలుగో స్థానంలో ఉన్న ఫ్రాన్స్ ఏడుకి పడిపోతుంది, ఏడో స్థానంలో ఉన్న జర్మనీ ఐదుకి ఎక్కుతుంది. అమెరికా పత్రికలు మొత్తాన్ని బట్టి పేర్చడానికి ఇష్టపడతాయి, మన పత్రికలు స్వర్ణాలను బట్టి. రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే ఎవరో అబద్ధం రాశారని కాదు, ఏ గడిని ఆధారంగా తీసుకున్నారో చూసుకోవాలి.

78 స్వర్ణాలు ఎక్కడినుంచి వచ్చాయి?

ఆల్పైన్ స్కీయింగ్‌లో (కొండ వాలు మీదినుంచి కిందికి దూసుకెళ్ళడం) 30, క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో (మంచు దారిలో దూరం పరుగు) 20, బయాథ్లాన్‌లో (ఆ పరుగుకి తుపాకి గురి తోడు) 18, స్నోబోర్డ్‌లో 8, పారా ఐస్ హాకీలో 1, వీల్‌చైర్ కర్లింగ్‌లో 1. కూడితే 78. ఇందులో మొదటి మూడు ఆటలవే 68. అంటే శీతాకాల పారాలింపిక్స్ పట్టికలో పైకి రావాలంటే స్కీలు కట్టుకోవాల్సిందే. హాకీలో ఎంత గొప్ప జట్టున్నా పట్టికలో చేరేది ఒక్కటే. అమెరికా హాకీ జట్టు ఫైనల్లో కెనడాని 5-0తో ఓడించి వరసగా నాలుగోసారి (2010, 2014, 2018, 2022) స్వర్ణం కొట్టింది. అయినా పట్టికకి అది ఒక్క అంకే. అదే నార్వే కుర్రాడు యెస్పర్ పెడెర్సెన్ కూర్చుని చేసే ఆల్పైన్ స్కీయింగ్‌లో ఐదు పోటీల్లో దిగి నాలుగు స్వర్ణాలు, ఒక రజతం పట్టుకెళ్ళాడు. పైన నార్వే పేరు ఎదురుగా ఉన్న నాలుగు స్వర్ణాలూ అతనివే. అతన్ని తీసేస్తే నార్వేకి స్వర్ణమే లేదు. అంతకు నెల ముందు అదే బీజింగ్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచిన దేశమది! అతనికి ఐదోది దక్కనివ్వనివాడు న్యూజిలాండ్‌కి చెందిన కోరీ పీటర్స్, డౌన్‌హిల్‌లో. జపాన్ సంగతీ దాదాపు ఇంతే. నాలుగు స్వర్ణాల్లో మూడు మొమోకా మురావోకావి, మిగిలిన ఒక్కటీ క్రాస్ కంట్రీలో తైకీ కవయోకెది. ఈ మురావోకా అంతకు ఆరు నెలల ముందే టోక్యో వేసవి పారాలింపిక్స్‌లో వీల్‌చైర్ మీద 100 మీటర్ల పరుగులో కూడా పోటీపడింది.

ఆల్పైన్‌లో 30 ఎలా అయ్యాయంటే, పోటీలు ఐదు: డౌన్‌హిల్, సూపర్-జి, సూపర్ కంబైన్డ్, జెయింట్ స్లాలమ్, స్లాలమ్. ఆడ, మగ వేరు వేరు. ఒక్కొక్కరిలో మళ్ళీ మూడు కేటగిరీలు: చూపు లోపం ఉన్నవాళ్ళు, నిలబడి స్కీ చేసేవాళ్ళు, కూర్చుని చేసేవాళ్ళు. ఐదు రెళ్ళు పది, పది మూళ్ళు ముప్పై. బయాథ్లాన్‌లో మూడు దూరాలు (స్ప్రింట్, మిడిల్, ఇండివిడ్యువల్), కాబట్టి 18. క్రాస్ కంట్రీలోనూ ఆ 18కి రెండు రిలేలు కలిపి 20.

అందుకే "మహిళల స్లాలమ్‌లో స్వర్ణం" అని రాస్తే వార్త సగమే రాసినట్టు. ఆ రోజు మహిళల స్లాలమ్‌లో స్వర్ణాలు మూడు ఉంటాయి. కేటగిరీ పేరు లేకపోతే ఎవరిది ఏ పతకమో పాఠకుడికి అంతుపట్టదు. తెలుగులో ఈ పోటీల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే.

ఫ్యాక్టర్ అనే తిరకాసు

మూడు కేటగిరీలతో విషయం అయిపోతే బాగానే ఉండేది. ఒక్కో కేటగిరీలో మళ్ళీ చాలా క్లాసులున్నాయి. నిలబడి స్కీ చేసేవాళ్ళు ఎల్‌డబ్ల్యూ (కాళ్ళు, చేతులు, నడుము లోపాల క్లాసులకి పెట్టిన గుర్తు) 1 నుంచి 9 దాకా, కూర్చుని చేసేవాళ్ళు 10 నుంచి 12 దాకా. నంబర్లు చూసి ఎక్కువ తక్కువలు ఊహించుకోకూడదు. ఆల్పైన్‌లో 2 అంటే ఒక కాలికి లోపం, ఒకే స్కీ మీద దిగుతారు, చేతుల్లో మామూలు కర్రలకి బదులు చివర చిన్న స్కీ ముక్కలున్న అవుట్‌రిగ్గర్లు ఉంటాయి. 5/7 అంటే రెండు చేతులకీ లోపం, కర్రలు లేకుండానే దిగాలి. 6/8 అంటే ఒక చెయ్యి. 9 అంటే ఒక చెయ్యి, ఒక కాలు రెండింటికీ లోపం. కూర్చునేవాళ్ళలో 10 వాళ్ళకి నడుము పైన పట్టు దాదాపు ఉండదు. 12 వాళ్ళకి నడుము, పొట్ట కండరాలు బాగా పనిచేస్తాయి, లోపం కాళ్ళకే. చూపు లోపం వాళ్ళకి బీజింగ్‌లో బి1, బి2, బి3 అనే క్లాసులున్నాయి. బి1 అంటే దాదాపు పూర్తి అంధత్వం. వీళ్ళు నల్లగా మూసేసిన కళ్ళద్దాలు పెట్టుకుని దిగుతారు, ఎవరికైనా కాస్త వెలుతురు తెలిస్తే ఆ తేడా కూడా లేకుండా చెయ్యడానికి. తర్వాత ఈ పేర్లు మారాయి, కాబట్టి పాత షీటూ కొత్త షీటూ పక్కపక్కన పెట్టేటప్పుడు చూసుకోవాలి.

ఇన్ని రకాల వాళ్ళు ఒకే పతకం కోసం దిగితే నేరుగా టైములు పోల్చడం కుదరదు. అందుకని ఒక్కో క్లాసుకి ఒక శాతం ఇస్తారు, ఫ్యాక్టర్ అనేది దీన్నే. నిజంగా పట్టిన టైమ్‌ని ఆ శాతంతో గుణిస్తే వచ్చేదే లెక్కకట్టిన టైమ్. ర్యాంకు దాన్ని బట్టే. లోపం తక్కువున్న క్లాసుకి శాతం 100, అంటే తగ్గింపు ఏమీ లేదు. లోపం పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కూర్చుని చేసే క్రాస్ కంట్రీలో 12వ క్లాసు క్రీడాకారిణి 45 నిమిషాల్లో వచ్చింది. శాతం 100, కాబట్టి లెక్కలోనూ 45:00. 10వ క్లాసు ఆమె 52 నిమిషాల్లో వచ్చింది. ఆమె శాతం 86 అనుకుందాం. 52 నిమిషాలంటే 3120 సెకన్లు. 86 శాతం కడితే 2683.2 సెకన్లు, అంటే 44 నిమిషాల 43.2 సెకన్లు. ఏడు నిమిషాలు వెనక వచ్చిన ఆమే 16.8 సెకన్ల తేడాతో గెలిచింది. ఇద్దరూ సమానం కావాలంటే 10వ క్లాసు ఆమె 52 నిమిషాల 19.5 సెకన్లకి రావాలి. 45 నిమిషాలని 0.86తో భాగిస్తే వచ్చేది అదే. పోటీ జరుగుతుండగా కోచ్ గట్టున నిలబడి అరిచేది కూడా ఈ భాగహారం ఫలితాన్నే. "నువ్వు ఇంత వెనక ఉన్నావు" అనడానికి బదులు "లెక్కలో ఇంత ముందున్నావు" అని చెప్పాలి.

ఈ శాతాలు గాలిలోంచి ఊడిపడవు. గత పోటీల ఫలితాల నుంచి తీస్తారు, కొన్నేళ్ళకోసారి సవరిస్తారు. ఆల్పైన్‌లో అయితే డౌన్‌హిల్‌కి ఒక అంకె, స్లాలమ్‌కి ఇంకొకటి. మలుపులు ఎక్కువున్న చోట లోపం చూపే ప్రభావం వేరు, నేరుగా దూసుకుపోయే చోట వేరు కాబట్టి. క్రాస్ కంట్రీలో క్లాసిక్ పద్ధతికి (స్కీలు పక్కపక్కన నేరుగా నడపడం), ఫ్రీ పద్ధతికి (స్కేటింగ్‌లా పక్కకి తోయడం) కూడా నిలబడేవాళ్ళ శాతాలు మారతాయి. ఒక చెయ్యి లేనివాళ్ళకి క్లాసిక్‌లో కర్ర తోపుడు తగ్గడం వల్ల ఎక్కువ నష్టం. కాబట్టి 2022 షీటులోని శాతాన్ని పట్టుకెళ్ళి 2014 టైముకి కట్టి "ఎవరు గొప్ప" అని తేల్చడం వృథా ప్రయాస.

మంచు మెత్తబడితే ఏమవుతుంది

బీజింగ్ పోటీలు మార్చిలో జరిగాయి. ఎండ ముదిరి మంచు మధ్యాహ్నానికల్లా ముద్దలా తయారైంది. ఆల్పైన్‌లో కొన్ని పోటీల తేదీలూ వేళలూ ముందుకి జరిపారు. ఈ పరిస్థితిలో ఫ్యాక్టర్ ఒక చిత్రమైన పని చేస్తుంది.

పై ఉదాహరణే తీసుకోండి. మంచు మెత్తబడి ఇద్దరికీ సరిగ్గా మూడేసి నిమిషాలు ఎక్కువ పట్టిందనుకుందాం. 12వ క్లాసు ఆమెది 48:00. 10వ క్లాసు ఆమెది 55:00, అంటే 3300 సెకన్లు. 86 శాతం కడితే 2838, అంటే 47:18. ఆధిక్యం 16.8 సెకన్ల నుంచి 42కి పెరిగింది. ఆమె పోగొట్టుకున్న మూడు నిమిషాల్లో 86 శాతమే లెక్కలోకి వచ్చింది మరి. అయితే అసలు మంచు మీద అలా జరగదు. తడి మంచు సిట్‌స్కీ (స్కీల మీద బిగించిన కుర్చీ) అడుగున అంటుకుపోతుంది, కేవలం చేతులతో తోసుకునే మనిషికి, అందులోనూ నడుము వంచి బరువు వెయ్యలేని మనిషికి, దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఆమెకి మూడుకి బదులు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టి 56:00 అయితే లెక్క 48:09.6. ఇప్పుడు 9.6 సెకన్లతో ఓడిపోయింది! ఒక్క నిమిషం తేడా పతకం రంగే మార్చేసింది. అందుకే ఈ ఆటలో మైనం పూసేవాళ్ళకి అంత విలువ. మంచు ఉష్ణోగ్రత, తడి చూసి స్కీ కింద ఏ మైనం రుద్దాలో, స్కీ అడుగున ఎలాంటి సన్న గీతలు కొట్టాలో తేల్చేది వాళ్ళే. వాళ్ళకి పతకం ఉండదు.

ఆల్పైన్‌లో మెత్త మంచు ఇంకో రకంగా తినేస్తుంది. ముందు దిగినవాళ్ళ స్కీలు గేట్ల (మలుపు చూపే కర్రల) చుట్టూ గాళ్ళు చేస్తాయి. కూర్చునేవాళ్ళు వాడే మోనోస్కీలో కుర్చీ కింద ఉండేది ఒకే స్కీ. అది గాడిలో పడిందంటే ఇంకో కాలు ఊతం వేసుకునే వీలు లేదు, అవుట్‌రిగ్గర్‌తో ఆపుకోవాలి, లేదా పడాలి. కూర్చునేవాళ్ళ షీట్లలో డీఎన్‌ఎఫ్ (పూర్తి చేయలేదు) ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం. డీఎన్‌ఎస్ అంటే అసలు దిగలేదు. డీఎస్‌క్యూ అంటే అనర్హత, ఎక్కువగా గేటు తప్పినందుకు. మంచు గట్టిపడడానికి కోర్సు మీద ఉప్పు చల్లే పద్ధతి ఉంది. ఉప్పు మంచుని కాస్త కరిగించి చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, దాంతో పైపొర బిగుస్తుంది. కానీ ఆ బిగువు కొంతసేపే. కాబట్టి బిబ్ నంబరు (ఛాతీ మీది నంబరు) గడి కూడా చదవండి, ఎవరు ముందు దిగారో తెలుస్తుంది.

ముందు బయల్దేరినవాళ్ళు ఆధిక్యంలో ఉన్నట్టు కాదు

క్రాస్ కంట్రీ స్ప్రింట్‌లో గుణకారం తలకిందులవుతుంది. ముందు అర్హత రౌండు, ఒకరి వెనక ఒకరిని విడిచి టైము కట్టి శాతం వేస్తారు. అందులో నెగ్గినవాళ్ళు సెమీఫైనల్స్‌కి, అక్కడినుంచి ఆరుగురు ఫైనల్‌కి. సెమీస్ నుంచి మాత్రం లెక్క బయల్దేరేటప్పుడే కట్టేస్తారు. శాతం తక్కువున్నవాళ్ళని ముందు వదులుతారు, 100 శాతం వాళ్ళని చివర్న. ఇక గీత ముందు దాటినవాడిదే గెలుపు. 100 శాతం మనిషికి మూడు నిమిషాలు పట్టే కోర్సు అయితే 86 శాతం మనిషికి 209.3 సెకన్లు ఇవ్వాలి, కాబట్టి 29.3 సెకన్లు ముందు విడుస్తారు. టీవీలో చూస్తే ఒకరు అర నిమిషం ముందు పరిగెడుతున్నట్టు, వెనకవాళ్ళు అద్భుతంగా అందుకున్నట్టు కనిపిస్తుంది. వ్యాఖ్యాత కూడా ఆ మాయలో పడి కేకలేస్తాడు. నిజానికి అందరూ గీత దగ్గర కలిసేలా వేసిన కొలతే అది.

బీజింగ్‌లో కూర్చుని చేసే మహిళల క్రాస్ కంట్రీలో లాంగ్, స్ప్రింట్, మిడిల్ మూడు పోటీల్లోనూ చైనాకి చెందిన యాంగ్ హోంగ్‌చ్యోంగ్ మొదటి స్థానం, అమెరికాకి చెందిన ఒక్సానా మాస్టర్స్ రెండో స్థానం. ఈ ఉక్రెయిన్‌లో పుట్టిన మాస్టర్స్ ఏడు పోటీల్లో దిగి ఏడు పతకాలూ తెచ్చుకుంది: మూడు స్వర్ణాలు, నాలుగు రజతాలు. ఆ మూడు స్వర్ణాల్లో ఒకటి మిక్స్‌డ్ రిలే. రిలేలో టైముకి శాతం కట్టరు. జట్టులో పరిగెత్తేవాళ్ళ శాతాల మొత్తం ఒక పరిమితి దాటకూడదు అంటారు. కాబట్టి 100 శాతం మనుషుల్ని నలుగుర్ని పేర్చడం కుదరదు, ఎవర్ని కలిపితే మొత్తం పరిమితికి అతుక్కుని ఉంటుందో కూడికలు వేసుకోవాలి. అన్ని క్లాసుల్లోనూ మంచివాళ్ళున్న పెద్ద జట్లకి ఇది పండగ.

తుపాకి పేల్చే చోట

బయాథ్లాన్ అంటే స్కీ మీద తిరుగుతూ మధ్యమధ్యలో ఆగి ఐదేసి గుళ్ళు పేల్చడం. ఒలింపిక్స్‌లో తుపాకి వీపున మోస్తారు, 50 మీటర్ల దూరం నుంచి కొడతారు. ఇక్కడ తుపాకి షూటింగ్ రేంజిలోనే ఉంటుంది, దూరం 10 మీటర్లు, వాడేది ఎయిర్ రైఫిల్. చేత్తో పట్టుకోలేనివాళ్ళకి స్ప్రింగు స్టాండు ఇస్తారు. చూపు లోపం వాళ్ళకి ఎలక్ట్రానిక్ రైఫిలూ చెవిలో హెడ్‌ఫోనూ. గురి మధ్యకి దగ్గరయ్యేకొద్దీ శబ్దం కీచుగా పైకి వెళుతుంది, చెవితోనే గురి చూస్తారు. గుండె దడదడలాడుతుంటే చెవిలో రక్తపు హోరు వేరే. ఆ హోరులో శబ్దం తేడా పట్టుకోవాలి.

బీజింగ్‌లో తప్పిన గుండుకి శిక్ష రెండు రకాలు. స్ప్రింట్, మిడిల్ దూరాల్లో తప్పిన ప్రతి గుండుకీ పక్కనున్న చిన్న చుట్టు ఒకసారి తిరగాలి. ఇండివిడ్యువల్ పోటీలో ఆ చుట్టు ఉండదు, గుండుకి ఒక నిమిషం టైముకి కలుపుతారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చుట్టు ఖరీదు స్కీ చేసే వేగాన్ని బట్టి, మంచుని బట్టి మారుతుంది, నిమిషం మాత్రం ఎవరికైనా నిమిషమే. అందుకే ఇండివిడ్యువల్‌లో పందెం గురి ఉన్నవాళ్ళ వైపు ఒరుగుతుంది. షీటులో షూటింగ్ గడిలో 0, 1, 0, 2 అని ఉంటే అవి ఒక్కో విడతలో తప్పిన గుళ్ళు, తగిలినవి కావు. ఇది తిరగేసి చదివి "రెండు గుళ్ళే కొట్టాడు" అని రాసినవాళ్ళున్నారు.

ఉక్రెయిన్ బీజింగ్‌లో దిగిందే ఈ రెండు ఆటల్లో, బయాథ్లాన్, క్రాస్ కంట్రీ. ఇరవై మంది క్రీడాకారులు, తొమ్మిది మంది గైడ్లు, 29 పతకాలు. మార్చి 8న మిడిల్ దూరం బయాథ్లాన్‌లో చూపు లోపం పురుషుల్లో మూడు స్థానాలూ వాళ్ళవే: విటాలీ లుకియానెంకో, అనతోలీ కొవలెవ్‌స్కీ, ద్మిత్రో సుయార్కో. నిలబడి చేసే మహిళల్లోనూ అదే రోజు మూడూ వాళ్ళకే. ఇంటి దగ్గర యుద్ధం మొదలై రెండు వారాలు కూడా కాలేదు అప్పటికి.

ఈ అంకెల పక్కన మరో విషయం కూడా రాసుకోవాలి. రష్యా, బెలారూస్ క్రీడాకారుల్ని తటస్థులుగా ఆడనిస్తామని మార్చి 2న చెప్పిన అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ, మిగతా దేశాలు ఎదురు తిరగడంతో మర్నాడే నిర్ణయం మార్చుకుని వాళ్ళని పంపించేసింది. 2018లో రష్యన్లు తటస్థ జట్టుగా ఆడి 24 పతకాలు, బెలారూస్ 12 పతకాలు గెలిచారు. ఆ 36 పతకాల స్థానం 2022లో ఖాళీ అయింది. చైనా 61లోనూ, మిగతా అందరి లెక్కల్లోనూ దాని వాటా కొంత ఉంది. అలాగని చైనా గెలుపుని దాని ఖాతాలోనే వేసేయడం అన్యాయం. 96 మంది క్రీడాకారుల్ని దింపింది, ఆరు ఆటల్లోనూ. హాకీలో మొదటిసారి అడుగుపెట్టి దక్షిణ కొరియాని 4-0తో ఓడించి కాంస్యం పట్టింది. వీల్‌చైర్ కర్లింగ్‌లో స్వీడన్‌ని 8-3తో ఓడించి స్వర్ణం నిలబెట్టుకుంది.

పతకం ఒకటి, మెడలు రెండు

చూపు లోపం వాళ్ళతో గైడ్ స్కీ చేస్తాడు. ఆల్పైన్‌లో గైడ్ ముందు దిగుతూ హెల్మెట్లోని బ్లూటూత్ మైకులో మలుపులు చెబుతుంటాడు. పోటీలో ఒకరినొకరు ముట్టుకోకూడదు. గైడ్‌కీ పతకం ఇస్తారు, పట్టికలో మాత్రం ఒకటిగానే లెక్క. బ్రిటన్ ఒకే ఒక్క స్వర్ణం సూపర్-జిలో నీల్ సింప్సన్‌ది. గైడ్ అతని అన్న ఆండ్రూ. ఆస్ట్రియాలో ఐగ్నర్ కుటుంబమైతే ఒక చిన్న దేశంతో సమానం. యోహానెస్, వెరోనికా, బార్బరా ముగ్గురూ చూపు లోపం ఉన్న తోబుట్టువులు. వెరోనికాకి గైడ్ మరో అక్క ఎలిజబెత్. క్రాస్ కంట్రీ చూపు లోపం కేటగిరీలో కెనడాకి చెందిన బ్రయన్ మెకీవర్ బీజింగ్‌లో మూడు స్వర్ణాలు గెలిచి మొత్తం శీతాకాల స్వర్ణాల్ని 16కి చేర్చాడు. పురుషుల్లో జర్మనీకి చెందిన గెర్డ్ షోన్‌ఫెల్డర్ రికార్డుతో అది సమానం. మహిళల్ని కూడా కలిపితే నార్వేకి చెందిన రాగ్న్‌హిల్డ్ మిక్లెబుస్ట్ ముందుంది, 22 స్వర్ణాలతో.

గైడ్‌తో వచ్చే ఇబ్బంది వేగం. తనకంటే వేగంగా స్కీ చేసే గైడ్ కావాలి, అదీ వెనక్కి మాట్లాడుతూ. చూపు లోపం క్రీడాకారులు మెరుగుపడేకొద్దీ గైడ్ దొరకడం కష్టమవుతుంది.

స్నోబోర్డ్‌లో ఫ్యాక్టర్ లేదు. కాలి లోపం ఎక్కువున్నవాళ్ళకి ఎస్‌బీ-ఎల్‌ఎల్1, తక్కువున్నవాళ్ళకి ఎల్‌ఎల్2, చేతి లోపానికి యూఎల్. ఏ క్లాసుకి ఆ క్లాసు పతకం. శాతాలు కట్టకపోవడం హాయే గానీ ఒక ముప్పుంది: క్లాసులో మనుషులు చాలకపోతే ఆ పోటీనే ఎత్తేస్తారు. బీజింగ్‌లో మహిళల ఎల్‌ఎల్1 అలాగే పోయింది. ఆ క్లాసుకి చెందిన అమెరికా క్రీడాకారిణి బ్రెన్నా హకబీ, ఫ్రాన్స్‌కి చెందిన సెసిల్ ఎర్నాండెజ్ తమకంటే తక్కువ లోపం ఉన్న ఎల్‌ఎల్2లో ఆడనివ్వమని అడిగారు, కుదరదన్నారు. పారాలింపిక్ కమిటీ ఆఫీసు బాన్‌లో ఉంది కాబట్టి వాళ్ళు జర్మనీ కోర్టుకెక్కి గెలిచారు. స్నోబోర్డ్ క్రాస్‌లో ఎర్నాండెజ్‌కి స్వర్ణం, హకబీకి కాంస్యం. బ్యాంక్డ్ స్లాలమ్‌లో హకబీకి స్వర్ణం. ఏ తగ్గింపూ లేకుండా, తమకంటే ఎక్కువ అనుకూలత ఉన్నవాళ్ళ మీద.

మన దగ్గర కలిసిపోయే మూడు పేర్లు

పారాలింపిక్స్, స్పెషల్ ఒలింపిక్స్, డెఫ్లింపిక్స్. మూడూ వేరు. డెఫ్లింపిక్స్, అంటే వినికిడి లోపం ఉన్నవాళ్ళ పోటీలు, శీతాకాలానివి 1949 నుంచే ఉన్నాయి, పారాలింపిక్స్‌కి (మొదటిది 1976లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్‌స్విక్‌లో) పాతికేళ్ళ ముందునుంచే. పారాలింపిక్స్‌లో వినికిడి లోపానికి క్లాసు లేదు.

2025 మార్చిలో ఇటలీలోని టూరిన్‌లో జరిగిన స్పెషల్ ఒలింపిక్స్ శీతాకాల పోటీల్లో భారత్‌కి 33 పతకాలు వచ్చాయి, 8 స్వర్ణాలు, 18 రజతాలు, 7 కాంస్యాలు. సంతోషించాల్సిందే. దాన్ని తీసుకెళ్ళి బీజింగ్ పట్టిక పక్కన పెడితేనే చిక్కు. 2022 బీజింగ్‌లో భారత జట్టే లేదు. స్పెషల్ ఒలింపిక్స్ మేధోపరమైన లోపం ఉన్నవాళ్ళది, అక్కడ ఉద్దేశమే వేరు. ముందు ప్రాథమిక రౌండ్లలో టైములు చూసి, వయసు, ఆడ మగ, సామర్థ్యం ప్రకారం మూడు నుంచి ఎనిమిది మంది ఉండే చిన్న గుంపులు చేస్తారు. ప్రతి గుంపుకీ స్వర్ణం, రజతం, కాంస్యం, నాలుగు నుంచి ఎనిమిది స్థానాలకి రిబ్బన్లు. కాబట్టి ఒకే స్లాలమ్‌లో చాలా స్వర్ణాలుంటాయి. దేశాల పట్టిక నిర్వాహకులు వెయ్యరు. ప్రాథమిక రౌండులో కావాలని నెమ్మదిగా పోయి తేలిక గుంపులో చేరాలనుకుంటే దానికీ అడ్డుకట్ట ఉంది. ఫైనల్లో తన ప్రాథమిక టైము కంటే 15 శాతానికి మించి మెరుగైతే అనర్హుడు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20లో కాంస్యం గెలిచింది కదా. ఆ టీ20 మేధోపరమైన లోపానికి కేటాయించిన క్లాసు. వేసవి పారాలింపిక్స్‌లో 2000 సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు మోసం బయటపడ్డాక ఈ క్లాసుల్ని ఆపేసి, 2012 లండన్‌లో తిరిగి పెట్టారు. శీతాకాలంలో 1998 నగానోలో క్రాస్ కంట్రీలో పెట్టారు. బీజింగ్ 78 పోటీల్లో అలాంటిది ఒక్కటీ లేదు. 2026 మిలానో-కోర్టినాకి 79 అయ్యాయి, కొత్తగా చేరింది వీల్‌చైర్ కర్లింగ్‌లో మిక్స్‌డ్ డబుల్స్.